తప్పు కోడ్‌దా, చూసే టూల్‌దా?

(ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం, మన సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా వచ్చారని ఇప్పుడే చెప్పారు. ఆదివారం పూట బస్సెక్కి ఇలాంటి విషయం వినడానికి వచ్చారు, చాలా సంతోషం.

నేరుగా విషయంలోకి వెళ్తాను. మీలో ఎంతమందికి ఇలా జరిగింది? కోడ్ రాశారు, కంపైల్ అయింది, నడిచింది, జవాబు కూడా సరిగ్గానే వచ్చింది. తీరా స్టాటిక్ ఎనాలిసిస్ టూల్ పెట్టి చూస్తే స్క్రీన్ నిండా వార్నింగులు. చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. సరే, రెండో ప్రశ్న. టూల్ చెప్పింది కదా అని కోడ్ మార్చేసినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మూడో ప్రశ్న. అసలు ఆ టూల్ ఏ సంవత్సరానిది, దాని వెర్షన్ ఎంత అని కోడ్ ముట్టుకోకముందు చూసినవాళ్లు ఎంతమంది? ఇద్దరు... ముగ్గురు. ఇవాళ నేను మాట్లాడేది ఈ మూడో ప్రశ్న గురించే.

కొత్తగా చేరిన పిల్లల కోసం ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. స్టాటిక్ ఎనాలిసిస్ అంటే కోడ్‌ని నడపకుండా, చదివి మాత్రమే తప్పులు పట్టడం. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన సీ భాష కోసం లింట్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. మనది పట్టుచీరల ఊరు కాబట్టి నేను విడమరిచి చెప్పక్కర్లేదు, చీర బాగానే ఉంటుంది, దాని మీది నూగు దులపాలి, ఆ దులిపే పని చేసేది లింట్. ఈ రోజు పైథాన్‌కి పైలింట్, జావాస్క్రిప్ట్‌కి ఈఎస్‌లింట్ అని పేర్ల చివర కనిపించేది ఆ లింటే.

ఇలా చదివి చెప్పే టూల్ ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పొరబడుతుంది. ప్రోగ్రాం నడిస్తే ఏం చేస్తుందో ప్రతి ప్రోగ్రాం విషయంలోనూ తప్పకుండా చెప్పగలిగే పద్ధతి ఉండదని హెన్రీ రైస్ అనే గణిత శాస్త్రవేత్త 1953లోనే నిరూపించారు. కాబట్టి టూల్ కొంత అంచనా వేస్తుంది. అంచనా తప్పి మంచి కోడ్‌ని చెడ్డదంటే దాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం. ఆ రకం పొరపాటు కొత్త టూల్‌లో కూడా ఉంటుంది, దాని గురించి ఇవాళ మాట్లాడను. నేను చెప్పబోయేది ఇంకో రకం. టూల్ పాతబడిపోయి, భాష ముందుకు వెళ్లిపోయి, ఆ మధ్య దూరం వల్ల పుట్టే ఉత్తుత్తి వార్నింగులు. మనం పట్టించుకుంటే పోయేవి ఇవే, మన దగ్గర ఎక్కువగా ఉన్నవీ ఇవే.

మన దగ్గరే ఎందుకు ఎక్కువ? మీకు తెలుసు. కాలేజీ ల్యాబుల్లో మెషీన్లు ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ ఎవరూ ముట్టుకోరు. ఇంటి దగ్గర నెట్ సాయంత్రమైతే నత్తనడక. రాయగడ అవతల ఊళ్లలో మొబైల్ డేటా మీదే పనిచేసే పిల్లలు ఉన్నారు, అప్‌డేట్ అంటేనే వాళ్లకి భయం, రోజు డేటా అంతా అయిపోతుంది. తప్పు వాళ్లది కాదు. కానీ ఫలితం మాత్రం వాళ్లే అనుభవిస్తున్నారు.

ఒకటి అడుగుతాను. వార్నింగే కదా, ఉంటే ఏం, పక్కన పెట్టేయొచ్చు కదా అని కొందరు అంటారు. గంజాం జిల్లాలో కూర్చుని ఆ మాట అనగలమా? 1999 అక్టోబరులో ముందు మన గోపాలపూర్ దగ్గర ఒక తుఫాను, పది పన్నెండు రోజులకే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్. ఆ సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. మళ్లీ 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ ఇక్కడే, గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు మీలో చాలామంది చిన్నపిల్లలు, అయినా గుర్తుండే ఉంటుంది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. ఏం మారింది? చాలా మారాయి, షెల్టర్లు కట్టారు, అంచనాలు మెరుగయ్యాయి. కానీ వాటితో పాటు, హెచ్చరిక వస్తే జనం కదిలారు. నమ్మారు కాబట్టి కదిలారు. ఏ తుఫానూ లేకుండా వారానికి రెండుసార్లు ప్రమాద సూచిక ఎగరేస్తే మూడో నెలలో ఎవరైనా ఇల్లు వదిలి వస్తారా? రారు. కోడ్‌లో వార్నింగ్ కూడా అంతే, దాని విలువ అంతా నమ్మకంలో ఉంది. రోజూ రెండు వందల వార్నింగులు చూసే టీమ్ రెండు వందల ఒకటోది చదవదు. ఆ రెండు వందల ఒకటోది నిజమైనది అయి ఉంటుంది.

ఇప్పుడు నా అనుభవం చెప్తాను. ఇది జరిగిన కంపెనీ పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. జావాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. చాలా ఏళ్లు జావా 8 మీద నడిచింది, తర్వాత జావా 11కి మారాం. మా కోడ్‌లో ఒక్క వరుస కూడా మార్చలేదు. ఆ కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ మాత్రం మారింది. మర్నాడు స్పాట్‌బగ్స్ అనే జావా తనిఖీ టూల్ రిపోర్టు తెరిస్తే కుప్పలుగా కొత్త వార్నింగులు. అన్నీ ఒకే రకం: ఇక్కడ నల్ చెక్, అంటే విలువ ఖాళీగా ఉందేమో చూడటం, అనవసరం, ఈ విలువ నల్ అయితే ఇంతకుముందే ప్రోగ్రాం పడిపోయేది, అని. సరే అని ఆ వరుసలు తెరిచి చూస్తే అక్కడ నల్ చెక్ లేదు. మేం రాయనే లేదు! అక్కడ ఉన్నది ట్రై-విత్-రిసోర్సెస్, ఫైలో డేటాబేస్ కనెక్షనో తెరిచి పని అయ్యాక దానంతట అదే మూసుకునే పద్ధతి.

ఇక్కడ కాస్త ఆగండి. మనం రాయని నల్ చెక్ గురించి టూల్ ఎందుకు మాట్లాడుతుంది? ఎందుకంటే స్పాట్‌బగ్స్ మన జావా ఫైల్ చదవదు, కంపైలర్ దాన్ని మార్చి రాసిన బైట్‌కోడ్ చదువుతుంది. ట్రై-విత్-రిసోర్సెస్‌ని బైట్‌కోడ్‌గా మార్చే తీరు జావా 11 కంపైలర్‌లో మారింది. అందులో కంపైలర్ తనంతట తాను ఒక నల్ చెక్ పెడుతుంది. అది కంపైలర్ పెట్టింది, మనిషి రాసింది కాదు అని గుర్తుపట్టడం అప్పటి స్పాట్‌బగ్స్‌కి రాదు, ఎందుకంటే అది పాత కంపైలర్ల అలవాట్లు చూసి తయారైంది. తన లెక్క ప్రకారం అది చెప్పింది నిజమే. చెప్పింది తప్పు మనిషికి, అంటే మనకి చెప్పాల్సింది కాదు అది.

మేం ఏం చేశాం? అదే బాధ. రిపోర్టులో సున్నా వార్నింగులు ఉండాలని పైనుంచి ఒత్తిడి, నెలాఖరు టెన్షన్. టీమ్‌లో ఒక అబ్బాయి ట్రై-విత్-రిసోర్సెస్ తీసేసి, మామూలుగా తెరిచి చివర క్లోజ్ రాశాడు. వార్నింగులు పోయాయి. రివ్యూలో సరే అన్నది నేనే. చివర క్లోజ్ రాస్తే ఏమవుతుంది? మధ్యలో ఎక్సెప్షన్, అంటే అనుకోని తప్పు, వచ్చిందనుకోండి, ఆ క్లోజ్ దాకా కోడ్ వెళ్లనే వెళ్లదు, కనెక్షన్ తెరిచే ఉండిపోతుంది. రోజుకు కొన్ని చొప్పున పేరుకున్నాయి. మూడో వారంలో ఒక రాత్రి, తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువైపోయాయి అని చెప్పి సర్వర్ ఆగిపోయింది. బిల్లులు ఆగిపోయాయి. తెల్లారేదాకా కూర్చున్నాం. టూల్ కొత్త వెర్షన్ పెట్టుకుని ఉంటే, లేదా కనీసం మేం రాయని నల్ చెక్ ఎక్కడిది అని ఒక్కసారి అడిగి ఉంటే, ఇదంతా ఉండేది కాదు. మంచి కోడ్‌ని చెడగొట్టి టూల్‌ని సంతోషపెట్టాం. ఈ మాట మళ్లీ చెప్తాను: మంచి కోడ్‌ని చెడగొట్టి టూల్‌ని సంతోషపెట్టాం. మీరు ఆ పని చేయకూడదనే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జావాలో కొన్ని చోట్ల ఇప్పటికీ ఫైండ్‌బగ్స్ వాడుతున్నారు. అది స్పాట్‌బగ్స్‌కి ముందుతరం, దాని చివరి వెర్షన్ 2015లో వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. ఆ పని కొనసాగించడానికే స్పాట్‌బగ్స్ పుట్టింది. మీ ప్రాజెక్టులో ఇంకా ఫైండ్‌బగ్స్ అని కనిపిస్తే అసలు వార్నింగ్ చదవకండి, ముందు టూల్ మార్చండి.

పైథాన్ వాళ్లు, మీ వంతు. పైలింట్ 2.6 వెర్షన్ 2020 ఆగస్టులో వచ్చింది. పైథాన్ 3.9 అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. రెండు నెలలే తేడా. కానీ ఆ పైలింట్‌తో 3.9 మీద, విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే ఆప్షనల్ అనే టైప్ వాడితే చాలు, దీని పక్కన చదరపు బ్రాకెట్ పెట్టకూడదు అని ఎర్రర్ ఇచ్చేది. ఆప్షనల్ ఉన్నదే బ్రాకెట్‌తో వాడటానికి! ఎందుకిలా? 3.9లో ఆప్షనల్‌ని లోపల రాసిన తీరు మార్చారు, పైకి చూస్తే ఒక ఫంక్షన్ మీద డెకరేటర్, అంటే దాని పనితీరు మార్చే తొడుగు, పెట్టినట్టు ఉంటుంది. పైలింట్ పైథాన్ లైబ్రరీ కోడ్‌ని కూడా చదివి అర్థం చేసుకుంటుంది కదా, అది చూసి ఇదేదో ఫంక్షన్ అనుకుంది. ఫంక్షన్ పక్కన చదరపు బ్రాకెట్ రాదు కాబట్టి తప్పు అంది. తర్వాత వెర్షన్లో సరిచేశారు. జావా కథ, ఈ కథ ఒకటే అని గమనించారా? మన కోడ్ మారలేదు. కింద ఉన్న ఇంటి లోపల గోడ జరిగింది, టూల్ చేతిలో మాత్రం పాత ప్లాను ఉంది.

మొన్న మన వైపు ఒక కాలేజీ ల్యాబులో జరిగింది చెప్తాను, కాలేజీ పేరు వద్దు. ఒక అమ్మాయి ప్రాజెక్టులో, విలువను బట్టి దారి ఎంచుకునే మ్యాచ్-కేస్ వాడింది, అది పైథాన్ 3.10 నుంచి ఉంది. ల్యాబులో ఉబుంటు 20.04, దాంతో వచ్చే పైథాన్ 3.8. ఆ అమ్మాయి పట్టుదలగా 3.11 విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంది, ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. ఫ్లేక్8 అనే తనిఖీ టూల్ మాత్రం సిస్టమ్‌తో వచ్చినదే, అది 3.8 మీదే నడుస్తుంది. ఫ్లేక్8 తనని నడిపే పైథాన్‌కి ఎంత భాష వస్తే అంతే చదవగలదు. దాంతో ఈ999, సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరే తప్పు అని వచ్చింది. రిపోర్టులో ఎర్రర్ ఉంది కాబట్టి మ్యాచ్-కేస్ అంతా తీసి ఇఫ్-ఎల్స్ నిచ్చెన రాయమన్నారు. రెండు రోజులు పోయాయి. అమ్మా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, సిగ్గుపడకు, నీ కోడ్ సరైనదే.

ఇందులో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది, ఎవరూ చూడనిది. ఈ999 వచ్చిన ఫైల్‌ని ఫ్లేక్8 పూర్తిగా పార్స్ చేయలేదు, అంటే విడదీసి అర్థం చేసుకోలేదు, కాబట్టి, వాడని ఇంపోర్టులు, నిర్వచించని పేర్లు లాంటి అసలు తనిఖీలు ఆ ఫైల్లో చేయనే చేయదు. అంటే పైన ఒక ఉత్తుత్తి ఎర్రర్, దాని కింద పూర్తి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎన్ని నిజమైన తప్పులు దాక్కుని ఉన్నాయో మనకి తెలియదు. పాత టూల్ లేనిది ఉందంటుంది, ఉన్నది లేదనీ అంటుంది. రెండోది ఎక్కువ చేటు.

సీ ప్లస్ ప్లస్ సంగతి వేరు, అక్కడ నిశ్శబ్దం కాదు, వరద. దీనికి మన భాషలోంచే ఒక పోలిక చెప్తాను. మన వైపు పిల్లల్ని ఏమంటాం? గుంటలు అంటాం. గుంటలు వీధిలో ఆడుకుంటున్నారు అని రాసి గోదావరి జిల్లాల వైపో, రాయలసీమ వైపో మాస్టారికి ఇవ్వండి. గుంట అంటే గొయ్యి అనుకుంటారు ఆయన. గోతులు ఆడుకోవడం ఏమిటని ఒక ఎర్ర గీత. గుంటలు అయితే ఉన్నాయి అనాలి, ఉన్నారు అనకూడదని ఇంకో గీత. తర్వాతి వాక్యంలో వాళ్లకి ఆకలేసింది అని ఉంటే, ఎవరికి, మనుషుల ప్రస్తావనే లేదు కదా అని మూడో గీత. మొదటి మాట తెలియకపోయేసరికి వెనక వచ్చినవన్నీ తప్పులయ్యాయి. మాస్టారు చెడ్డవారు కాదు, ఆయన నిఘంటువులో ఆ మాట లేదు, అంతే.

సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని చూసే క్లాంగ్-టైడీ కూడా ఇదే చేస్తుంది. మీ మెషీన్లో జీసీసీ కంపైలర్ కొత్తది ఉంటుంది, దాని హెడర్ ఫైళ్లు, అంటే మన కోడ్‌లోకి తెచ్చుకునే లైబ్రరీ ఫైళ్లు, కొత్త సీ ప్లస్ ప్లస్‌లో రాసి ఉంటాయి. క్లాంగ్-టైడీ పాతది. ఆ హెడర్ చదువుతూ ఎక్కడో ఒక చోట దానికి అర్థం కాదు. రేంజెస్ హెడర్‌తో ఇది చాలామందికి ఎదురైంది, క్లాంగ్-టైడీకి ఆధారమైన క్లాంగ్ 15, అంతకంటే పాతవాటికి జీసీసీ వాళ్ల రేంజెస్ మింగుడుపడలేదు. అర్థం కాని చోట పార్సర్ ఆగిపోకుండా ఆ ముక్క వదిలేసి ముందుకు చదువుతుంది. ఒక వేరియబుల్‌కి విలువ ఇచ్చే భాగమే వదిలేసిందనుకోండి, ఇక దీనికి విలువే ఇవ్వలేదు అంటుంది, ఇంకో వేరియబుల్‌ని ఎక్కడా వాడలేదు అంటుంది. వంద వార్నింగులు. కాబట్టి సీ ప్లస్ ప్లస్ వాళ్లకి నా మొదటి మాట: పైకి స్క్రోల్ చేయండి. చివరి వార్నింగ్ కాదు, మొట్టమొదటిది చదవండి. అందులో క్లాంగ్-డయాగ్నోస్టిక్-ఎర్రర్ అని కనిపిస్తే మిగతా తొంభై తొమ్మిదీ వదిలేయండి, టూల్ మీ కోడ్ చదవలేకపోయిందని అర్థం.

జావాస్క్రిప్ట్‌లో ఒక వింత ఉంది, క్లుప్తంగా చెప్తాను. ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే ఆప్షనల్ చెయినింగ్ ఆ భాష 2020 ప్రమాణంలో వచ్చింది. ఈఎస్‌లింట్ 7.5 నుంచి దాన్ని సొంతంగా అర్థం చేసుకుంటోంది. అంతకుముందు జనం బయటి పార్సర్ తెచ్చి తగిలించుకున్నారు. పార్సర్‌కి కొత్త భాష వచ్చు, రూల్స్‌కి రాదు. దాంతో ఆ గుర్తుతో ఫంక్షన్ పిలిస్తే, ఈ వాక్యం వల్ల ఏ ఉపయోగమూ లేదు అని వార్నింగ్. సింటాక్స్ ఎర్రర్ రాలేదు కదా, టూల్‌కి అర్థమైనట్టే అనుకుంటాం. సగం టూల్‌కే అర్థమైంది.

సరే, ఇప్పుడు అసలు పని. వార్నింగ్ వచ్చింది, అనుమానం వచ్చింది, ఏం చేయాలి?

ముందు మాట్లాడుతున్నది ఎవరో కనుక్కోండి. ఇది వినడానికి చిన్న విషయం, కానీ నేను చూసిన గొడవల్లో చాలావరకు ఇక్కడే తేలిపోయాయి. ఎడిటర్‌లో గీత గీసేది ఒక పైలింట్, టెర్మినల్‌లో నడిచేది ఇంకొకటి, సర్వర్ మీద బిల్డ్ అయ్యేటప్పుడు నడిచేది మూడోది. విఎస్ కోడ్ ఎడిటర్‌లోని పైలింట్ ఎక్స్‌టెన్షన్ తన పైలింట్‌ని తనతోనే తెచ్చుకుంటుంది, మీరు వేరే చెప్పకపోతే అదే వాడుతుంది. టెర్మినల్‌లో అప్‌డేట్ చేశాను, అన్నా, ఇంకా గీత పోలేదు అంటారు, పోదు, అది వేరే పైలింట్. టెర్మినల్‌లో పైలింట్ వెర్షన్ అడగండి, అది మూడు సంగతులు చెప్తుంది: పైలింట్ వెర్షన్, కోడ్‌ని చదివి పెట్టే ఆస్ట్రాయిడ్ వెర్షన్, తనని నడుపుతున్న పైథాన్ వెర్షన్. మూడూ కాగితం మీద రాసుకోండి. ఆ మూడో సంఖ్యలోనే ఆ అమ్మాయి సమస్య అంతా ఉంది. జావా వాళ్లు ఇంకా జాగ్రత్త, ప్రాజెక్టుని బిల్డ్ చేసే మావెన్‌లోని ప్లగిన్ వెర్షన్ వేరు, దాని లోపల నడిచే స్పాట్‌బగ్స్ వెర్షన్ వేరు.

తర్వాత కోడ్ తగ్గించండి. వార్నింగ్ వచ్చిన చోటు కోసి, పది వరుసల ఫైల్‌గా విడిగా పెట్టండి. వార్నింగ్ ఇంకా వస్తోందా? ఇంకో ఐదు వరుసలు తీయండి. ఇది విసుగు పని, నాకు తెలుసు, కానీ పది వరుసలకి వచ్చేసరికి సగంసార్లు జవాబు మీకే కనిపిస్తుంది. సీ ప్లస్ ప్లస్ అయితే ఆ పది వరుసల్ని కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైట్‌లో అతికించి రకరకాల కంపైలర్ వెర్షన్లతో చూడొచ్చు, క్లాంగ్-టైడీ కూడా అక్కడ ఉంది. మీ మెషీన్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డేటా కూడా పెద్దగా అవ్వదు. మనవాళ్లకి బాగా పనికొస్తుంది.

తర్వాత ఒక్క వస్తువే మార్చండి. టూల్ వెర్షన్ ఒక్కటే. పాతదాన్ని తీసేయకండి, పక్కన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే విడి ఫోల్డర్‌లో, కొత్తది పెట్టండి, అదే కోడ్ మీద రెండూ నడిపి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి. టూల్‌తో పాటు కోడ్ కూడా మార్చేస్తే, వార్నింగ్ ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు.

వార్నింగ్ పోయింది. అయిపోయిందా? కాలేదు. ఇక్కడ చాలామంది పండగ చేసుకుని లేచి వెళ్లిపోతారు. కొత్త వెర్షన్ మీ సెట్టింగుల ఫైల్ చదవకపోయినా వార్నింగులు పోతాయి! ఈఎస్‌లింట్ 9 చూడండి, 2024లో వచ్చింది, సెట్టింగుల ఫైల్ పద్ధతే మార్చేశారు, పాత ఫైల్‌ని దానంతట అది చదవదు. మిగతా టూల్స్‌లో కూడా ఒక రూల్ పేరు మారొచ్చు, లేదా అడిగితేనే పనిచేసేలా పక్కన పెట్టి ఉండొచ్చు. అందుకని నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. తెలిసి తెలిసి ఒక నిజమైన తప్పు కోడ్‌లో పెడతాను, ఆ వార్నింగ్ పట్టాల్సిన తప్పే. కొత్త టూల్ దాన్ని పట్టుకుందా? పట్టుకుంటే టూల్ మేలుకునే ఉంది, ఉత్తుత్తిది మాత్రమే పోయింది. పట్టుకోకపోతే టూల్ నిద్రపోయింది, మనకి ఒరిగిందేమీ లేదు. ఆ తర్వాత టూల్ మార్పుల జాబితా తెరిచి, ఈ ఫాల్స్ పాజిటివ్ సరిచేశాం అన్న వరుస ఉందేమో చూడండి. ఉంటే ఇక సందేహం లేదు.

ఒక తమ్ముడు ఇందాక టీ దగ్గర అడిగాడు, అన్నా, క్లయింట్ సర్వర్ మీద టూల్ మార్చడానికి ఒప్పుకోరు, అప్పుడేంటి అని. మంచి ప్రశ్న. అప్పుడు వార్నింగ్‌ని సప్రెస్ చేయాలి, అంటే రాకుండా ఆపాలి, తప్పదు. కానీ ఎలా? ఆ రూల్‌ని ప్రాజెక్టు మొత్తానికి ఆపేయడం, అది మాత్రం వద్దు. ఆ ఒక్క వరుస దగ్గర, ఆ ఒక్క రూల్ పేరు రాసి, పక్కనే కారణం రాయండి: ఫలానా టూల్ ఫలానా వెర్షన్ పొరపాటు, వెర్షన్ మారాక ఇది తీసేయాలి, అని. రెండేళ్ల తర్వాత అక్కడికి వచ్చే మనిషి మీకు తెలియదు, ఆ మనిషికి ఉత్తరం రాస్తున్నట్టు రాయండి.

ఇలా పెట్టినవి మర్చిపోతాం కదా? మర్చిపోతాం. అందుకే టూల్స్‌లోనే దారి పెట్టారు. పైలింట్‌లో యూజ్‌లెస్-సప్రెషన్ అని ఒకటుంది, మామూలుగా ఆపి ఉంటుంది, ఆన్ చేస్తే, ఈ సప్రెషన్ ఇక అవసరం లేదు అని చెప్తుంది. పైథాన్ టైపులు చూసే మైపైలో వార్న్ అన్‌యూజ్డ్ ఇగ్నోర్స్ ఉంది. ఈఎస్‌లింట్‌లో, సీ ప్లస్ ప్లస్ వాళ్ల సీపీపీచెక్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. టూల్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఇవి ఆన్ చేసి ఒకసారి నడపండి, పాత కట్లు విప్పేయండి.

వెర్షన్ బిగించడం, అంటే మారకుండా ఒకే దగ్గర ఉంచడం గురించి కూడా అడిగారు. బిగించాలి. టీమ్‌లో అందరి దగ్గరా ఒకే వెర్షన్ లేకపోతే ఒకరికి వచ్చే వార్నింగ్ ఇంకొకరికి రాదు, రోజంతా వాదన. కానీ బిగించి మర్చిపోతే ఏమవుతుంది? మూడేళ్లకి అదే పాత టూల్ అవుతుంది. కోడ్ కమిట్ అయ్యే ముందు తనిఖీలు నడిపే ప్రీ-కమిట్ వాడేవాళ్లు ఇది తప్పకుండా వినండి, మీరు రాసిన వెర్షన్ దగ్గరే అది ఆగి ఉంటుంది, ఆటోఅప్‌డేట్ అని మీరు చెప్పేదాకా కదలదు. మేం మూడు నెలలకి ఒక రోజు పెట్టుకున్నాం. ఆ రోజు కొత్త ఫీచర్లు లేవు, టూల్స్ మాత్రమే.

ఇప్పుడు ఒక మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. నా ప్రసంగం విని రేపటి నుంచి ప్రతి వార్నింగ్‌కీ టూల్ పాతది అనకండి. దయచేసి అనకండి. నేను చెప్పిన ఆ జావా రిపోర్టులోనే, ఉత్తుత్తి వార్నింగుల కుప్పలో, నిజమైనది ఒకటి ఉంది. అది కూడా నల్ గురించే, అదే రంగు, దాదాపు అవే మాటలు. సర్వర్ పడిపోయాక అన్నీ ఒక్కొక్కటి చదివితే దొరికింది. టూల్ తప్పు అనడానికి మీ దగ్గర రుజువు ఉండాలి. పది వరుసల ఫైల్ ఉండాలి, వెర్షన్లు ఉండాలి, కొత్త టూల్‌లో పోయిందని చూసి ఉండాలి. అవి లేకపోతే టూల్ చెప్పిందే నిజమని అనుకుని కోడ్ వైపే చూడండి.

చివరగా నెట్ సరిగ్గా లేనివాళ్ల కోసం. బరంపురంలోనో విశాఖలోనో మంచి నెట్ ఉన్న మెషీన్ మీద, పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో పిప్ డౌన్‌లోడ్ అని కొడితే టూల్, దానికి కావాల్సినవన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి, మీ మెషీన్ మీద నెట్ వైపు చూడకుండా ఆ ఫోల్డర్‌లోంచే ఇన్‌స్టాల్ చేయమని పిప్‌కి చెప్పొచ్చు. ఒకటే షరతు, డౌన్‌లోడ్ చేసే మెషీన్ మీద పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ మీ మెషీన్‌తో కలవాలి, లేకపోతే కొన్ని ప్యాకేజీలు ఎక్కవు. నేను ఇవాళ మూడు పెన్‌డ్రైవ్‌లు తెచ్చాను, పైథాన్ 3.10, 3.11, 3.12కి విడివిడిగా, మీద రాసి ఉంది. గుణుపురం వాళ్లకి బస్సు టైం అవుతోందని చెప్తున్నారు, ముందు వాళ్లు కాపీ చేసుకోండి. మిగతావాళ్లు ఈలోగా ల్యాప్‌టాప్ తెరిచి, మీ టూల్ వెర్షన్ ఎంతో చూసి ఈ బోర్డు మీద రాయండి.